వెలుగు వాతలు: నేత్రపటలానికి లేజర్ చికిత్స

2024 ఏప్రిల్ 8వ తేదీ మధ్యాహ్నం పిస్కాటవే ఆకాశంలో సూర్యబింబం ఇంచుమించు తొమ్మిది పాళ్ళు మరుగైంది. ఆనాడు అట్టచట్రాల నల్లకళ్ళద్దాలు ధరించి పచ్చికలో నిలిచిన పిల్లలకు గ్రహణం ఒక వేడుక. వారి పక్కన నిలిచిన పెద్దలలో తెలంగాణ నుంచి వచ్చినవారికి మాత్రం మరొక మధ్యాహ్నం గుర్తుకు వచ్చి ఉండాలి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం పాలమూరు, నల్లగొండ జిల్లాల మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రజ్ఞులు తరలిరాగా, వీధులు మాత్రం నిర్మానుష్యమైనాయి. తలుపులు మూసుకొని ఇంట కూర్చున్నవారే అధికం. ఆ భయంలో మూఢత్వం పాలు కొంత ఉన్నా, సూర్యుని సూటిగా చూస్తే కన్ను చెడుతుందన్న మాట మాత్రం అక్షరాలా నిజం.

ఆ నిజంలోనుంచే ఒక చికిత్స పుట్టింది. 1945 జూలై 9న ఐరోపాలో సూర్యగ్రహణం కనిపించింది. దానిని ఏ రక్షణా లేకుండా చూసిన ఒక వైద్య విద్యార్థి కంటిని, జర్మనీలో గెర్హార్డ్ మేయర్-ష్వికెరాత్ అనే యువ నేత్రవైద్యుడు పరీక్షించాడు. నేత్రపటలం నడుమ, చూపుకు ఆయువుపట్టు వంటి చోట, ఒక చిన్న మచ్చ కనబడింది. విడివడిన నేత్రపటలాన్ని అతికించడానికి ఆ రోజుల్లో వైద్యులు విద్యుత్తుతో వాతలు పెట్టేవారు. ఆ వాతల వలన ఏర్పడే మచ్చకూ, సూర్యుడు పెట్టిన ఈ మచ్చకూ పోలిక ఉన్నట్లు ఆయన గమనించాడు. కంటిని కోయకుండా, కనుపాప గుండా వెలుగును పంపి, కావలసిన చోట మాత్రమే వాత పెట్టగలిగితే? హాంబర్గ్ ఆసుపత్రిలో ఆయన అద్దాల సాయంతో సూర్యకిరణాలను రోగి కంటిలోనికి మళ్ళించి ఆ పని చేసి చూపాడు. అయితే హాంబర్గ్ ఆకాశం మబ్బులకు ప్రసిద్ధి. ఎండ వచ్చేవరకూ రోగీ వైద్యుడూ కూడా వేచి ఉండవలసిందే! 1950వ దశకం మధ్యకు వచ్చేసరికి జైస్ సంస్థ సహకారంతో సూర్యుని స్థానాన్ని జెనాన్ దీపం ఆక్రమించింది. (సూర్యుని చూసినందువలన కలిగే హానిలో వేడి కంటె కాంతి రసాయనిక చర్య పాలే ఎక్కువని తరువాతి పరిశోధనలలో తేలింది. పోలిక పూర్తిగా సరికాకపోయినా, ఆలోచన మాత్రం ఫలించింది.)

1960 మే 16న కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించాడు. ఏడాదిన్నర గడిచీ గడవకముందే, 1961 చివరలో, న్యూయార్క్‌లోని కొలంబియా-ప్రెస్బిటేరియన్ ఆసుపత్రిలో దానిని ఒక రోగి నేత్రపటలంపై ప్రయోగించారు. సాధారణ దీపపు వెలుగులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి, కిరణాలు నలుదిక్కులకూ చెదురుతాయి. లేజర్ వెలుగుకు ఉన్నది ఒకే రంగు, ఒకే దిశ. అందువలన దానిని వెంట్రుక మందమంత బిందువులోనికి కుదించవచ్చు. వైద్యునికి ఈ రెండు గుణాలూ ముఖ్యమే. వీటిలో రంగుకు ఉన్న ప్రాధాన్యం సామాన్యంగా ఎవరి దృష్టికీ రాదు.

ఒక పదార్థం ఎర్రగా కనిపిస్తున్నదంటే, అది ఎరుపును విడిచిపెట్టి నీలం, ఆకుపచ్చ కాంతులను మింగుతున్నదని అర్థం. రక్తంలోని హిమోగ్లోబిన్ స్వభావం ఇదే. కెంపు లేజర్ వెలువరించేది 694 నానోమీటర్ల ఎర్రని కాంతి. రక్తనాళాలు దానిని దాదాపుగా పట్టించుకోవు. నేత్రపటలపు వ్యాధులలో అధికభాగం రక్తనాళాలవే కావడం చేత వైద్యులకు మరొక రంగు కావలసివచ్చింది. 1964లో విలియం బ్రిడ్జెస్ కనిపెట్టిన ఆర్గాన్ లేజర్ 488, 514 నానోమీటర్ల వద్ద నీలి-ఆకుపచ్చ కాంతిని ఇస్తుంది. దీనిని కంటివైద్యానికి అనువుగా మలచిన చరిత్రలో కొంత భాగం పిస్కాటవేకు కారులో అరగంట దూరంలోనే నడిచింది. మరే హిల్‌లోని బెల్ లాబొరేటరీస్ శాస్త్రజ్ఞులు యూజీన్ గోర్డన్, ఎడ్వర్డ్ లబూడా సహకారంతో న్యూయార్క్ నేత్రవైద్యుడు ఫ్రాన్సిస్ లెస్పరాన్స్ ఆర్గాన్ లేజర్‌ను రూపొందించి, 1968లో రోగులకు చికిత్స ప్రారంభించాడు. పిస్కాటవే, ఎడిసన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు ఇంజనీర్లలో ఎందరికో బెల్ అనగానే టెలిఫోను స్విచ్చులూ, బెల్‌కోర్ ఉద్యోగాలూ జ్ఞప్తికి వస్తాయి. తమ తల్లిదండ్రుల చూపును కాపాడిన ఆకుపచ్చ వెలుగుకు కూడా ఆ ప్రాంగణంతో బంధుత్వం ఉన్నదని తెలిసినవారు తక్కువ.

ఇక వ్యాధి సంగతి. నేత్రపటలాన్ని వైద్యులు రెటీనా అంటారు. కనుగుడ్డు లోపలి గోడకు అంటుకొని ఉండే ఈ పలుచని పొరలో దండాలు, శంకువులు అనే కణాలు వెలుగును నాడీ సంకేతాలుగా మారుస్తాయి. శరీరంలో బరువును బట్టి చూస్తే ప్రాణవాయువును ఇంత అధికంగా ఖర్చుచేసే కణజాలాలు బహు కొద్ది. మధుమేహం ఏళ్ళ తరబడి అదుపు తప్పి ఉంటే ఈ పొరలోని సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. కొన్ని ఉబ్బి కారుతాయి, కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. కారిన ద్రవం నేత్రపటలం నడుమ, పచ్చచుక్క అనే చోట చేరితే అక్షరాలు మసకబారతాయి. మూసుకుపోయిన నాళాల ప్రాంతం ప్రాణవాయువు అందక అలమటిస్తూ, కొత్త నాళాలు కావాలని ఒక రసాయన సంకేతాన్ని పంపుతుంది. ఆ పిలుపుకు పుట్టుకువచ్చే నాళాలు బొత్తిగా నాసిరకం. అవి చిట్లి కనుగుడ్డులోని జిగురు పదార్థంలోనికి రక్తం కారుతుంది. వాటి వెంట పెరిగే మచ్చకణజాలం ముడుచుకొని నేత్రపటలాన్నే లాగి ఊడదీస్తుంది.

ఇంత జరుగుతున్నా, చివరి ఘట్టం వరకూ రోగికి ఏమీ తెలియకపోవచ్చు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పత్రిక చదవగలుగుతున్నారు, టీవీ చూడగలుగుతున్నారు కనుక కళ్ళు బాగున్నాయనే అనుకుంటారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం 2021 నాటికి భారతదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. తెలుగు కుటుంబాలలో ‘షుగరు’ లేని ఇల్లు అరుదు. షుగరు అని తెలిసిన నాడే కనుపాపను మందుచుక్కలతో విప్పార్చి నేత్రపటలాన్ని పరీక్షించాలనీ, తరువాత సామాన్యంగా ఏటేటా ఆ పరీక్ష జరగాలనీ పెద్దవయసులో వచ్చే మధుమేహానికి ఉన్న నియమం. కళ్ళద్దాల నంబరు చూసే పరీక్ష వేరు, ఇది వేరు. చాలా ఇళ్ళలో మొదటిది జరిగి, రెండవది జరిగిందనే భ్రమ మిగులుతుంది.

కొత్త నాళాలు పుట్టిన కంటికి చేసే లేజర్ చికిత్సలో ఒక వింత ఉన్నది. వైద్యుడు ఆ చెడు నాళాలను కాల్చడు. నడుమనున్న పచ్చచుక్కను జాగ్రత్తగా విడిచిపెట్టి, చుట్టూ ఉన్న నేత్రపటలమంతటా చుక్కల ముగ్గు పెట్టినట్లు 1200 నుంచి 1600 వరకు వాతలు పెడతాడు. ఒక్కొక్క వాత సుమారు అర మిల్లీమీటరు వెడల్పు. సంప్రదాయ పద్ధతిలో ఒక్కొక్క దానికి పట్టే కాలం సెకనులో పదవ వంతు. నేత్రపటలం వెనుకనున్న పొరలోని మెలనిన్ అనే నల్లని వర్ణకం ఆకుపచ్చ కాంతిని మింగి వేడెక్కుతుంది. ఆ వేడికి పక్కనున్న కణాలలోని ప్రోటీన్లు, ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్లు, గడ్డకడతాయి. వెలుగును చూసే కణాలలో ఇంచుమించు అయిదవ వంతు ఈ విధంగా బలి అవుతాయి.

చూపును కాపాడటానికి చూసే కణాలనే చంపడమేమిటి? కృష్ణా డెల్టా రైతుకు ఇది సులభంగా బోధపడుతుంది. కాలువలో నీరు చాలని సంవత్సరం ఉన్న భూమినంతా నాటితే పైరంతా ఎండుతుంది. దూరపు చెక్కలను బీడు పెట్టి, ఉన్న నీటిని మిగిలిన వరికి మళ్ళిస్తే కొంత పంటైనా ఇల్లు చేరుతుంది. అంచులలోని దాహపు కణాలు తగ్గినప్పుడు, వెనుకనున్న రక్తపటలం నుంచి వచ్చే ప్రాణవాయువు మిగిలిన కణాలకు చాలుతుంది. రసాయన సంకేతం సన్నగిల్లి కొత్త నాళాలు ముడుచుకుపోతాయి. ఈ సంకేత ద్రవ్యం ‘వి.ఇ.జి.ఎఫ్.’ అనే ప్రోటీన్. 1989లో నపోలియోన్ ఫెరారా బృందం దానిని వేరుచేసింది. 1994లో బోస్టన్ శాస్త్రజ్ఞులు మధుమేహ రోగుల కంటిద్రవాలలో దానిని కొలిచి, లేజర్ ఫలించిన కళ్ళలో అది బాగా తగ్గినట్లు చూపారు.

చికిత్స మాత్రం అప్పటికే రెండు దశాబ్దాలుగా సాగుతోంది. అమెరికా ప్రభుత్వపు నేత్ర పరిశోధన సంస్థ 1970వ దశకంలో 15 వైద్యకేంద్రాలలో 1700 మందికి పైగా రోగులతో జరిపిన అధ్యయనంలో, ప్రతి రోగికీ ఒక కంటికి చికిత్స చేసి రెండవ కంటిని విడిచిపెట్టారు. ఏ కన్ను అన్నది చీటీ వేసినట్లు నిర్ణయమైంది. రెండవ కంటిని అలా వదలవచ్చునా అనే ప్రశ్న సహజం. లేజర్ మేలు చేస్తుందో కీడు చేస్తుందో ఆనాటికి నిశ్చయంగా ఎవరికీ తెలియదన్నదే దానికి సమాధానం. 1976 నాటికి ఫలితం స్పష్టమైంది. చికిత్స పొందిన కళ్ళలో తీవ్రమైన దృష్టినష్టం సగానికి పైగా తగ్గింది. వెంటనే నియమాలను మార్చి, ప్రమాదంలో ఉన్న రెండవ కళ్ళకు కూడా చికిత్స అందించారు. ఈనాటి వైద్యుడు ధీమాగా లేజర్ సలహా ఇవ్వగలగడం ఆ రోగుల కళ్ళ పుణ్యమే.

‘లేజర్ చేయించాక చూపు తగ్గింది’ అన్న మాట బంధువర్గంలో తరచు వినబడుతుంది. దానిని కొట్టిపారవేయడం న్యాయం కాదు. అంచుల కణాలు పోవడం వలన పక్కచూపు కొంత తగ్గవచ్చు. చీకటిలో చూపు మందగిస్తుంది. వెలుగులోనుంచి నీడలోకి వచ్చినప్పుడు కన్ను సర్దుకోవడానికి సమయం పడుతుంది. రాత్రివేళ టర్న్‌పైక్ మీద కారు నడిపేవారికి ఇది చిన్న నష్టం కాదు. పచ్చచుక్క దగ్గర వాపు కొన్నాళ్ళు పెరగడం కూడా కద్దు. ఇక రెండవ సంగతి, ఈ లేజర్ పోయిన చూపును తెచ్చిపెట్టేది కాదు. ఉన్నదానిని నిలబెట్టేది మాత్రమే. చూపు బాగా ఉన్న రోజులలో చేయించుకున్న వ్యక్తికి నష్టం మాత్రమే తెలుస్తుంది, తప్పిపోయిన అంధత్వం కంటికి కనబడదు. ఈ రెండు సంగతులూ ముందుగా చెప్పని వైద్యునిదే ఆ అపోహలో పెద్దపాలు అనవలసి ఉంటుంది.

అపోహకు మరొక కారణం పేరు. లేజర్ అన్నదల్లా ఒకటి కాదు. కళ్ళద్దాలు తీసివేయడానికి శుక్లపటలాన్ని చెక్కే లేజర్ కంటికి కనబడని 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. అది వాత పెట్టదు, అణుబంధాలను తెంచి పదార్థాన్ని పొరలుగా ఆవిరి చేస్తుంది. మద్రాసులో పుట్టిన రసాయన శాస్త్రజ్ఞుడు రంగస్వామి శ్రీనివాసన్, న్యూయార్క్ రాష్ట్రంలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో, 1981లో థాంక్స్‌గివింగ్ పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కపై దీనిని పరీక్షించిన వైనం ప్రసిద్ధం. శుక్లాల శస్త్రచికిత్స తరువాత మసకబారిన పొరకు రంధ్రం చేసే లేజర్ ఇంకొకటి. ఈ రెంటి తరువాత చూపు అప్పటికప్పుడు మెరుగవుతుంది. నేత్రపటలపు లేజర్ నుంచి అదే ఆశించినవారికి నిరాశ తప్పదు.

చికిత్స జరిగే తీరు సరళమే. కంటిలో మందుచుక్కలు వేసి మొద్దుబార్చి, గడ్డాన్ని ఆధారంపై ఆనించి కూర్చోబెడతారు. కంటిపై ఒక కటకాన్ని ఆనించి, ఆకుపచ్చ మెరుపులు ఒకదాని తరువాత ఒకటిగా పంపుతారు. పక్కల అంచున పడే వాతలు కొందరికి చురుక్కుమంటాయి. పని సామాన్యంగా రెండు మూడు దఫాలుగా సాగుతుంది. 2000వ దశకం మధ్యనుంచి ఒక్క మీటతో అనేక చుక్కలను, ఒక్కొక్కటి సెకనులో యాభయ్యవ వంతు కాలంలో, వేయగల యంత్రాలు రావడంతో బాధ తగ్గింది. నాటి ఆర్గాన్ గొట్టాల స్థానంలో ఇప్పుడు 532 నానోమీటర్ల ఆకుపచ్చ ఘనస్థితి లేజర్లు ఉన్నాయి. నీలి కాంతిని పచ్చచుక్కలోని పసుపు వర్ణకం కూడా మింగుతుంది కనుక, ఆ చోటికి హాని కలగకుండా నీలాన్ని విడిచిపెట్టారు. ఆ రోజు కనుపాప విప్పారి ఉంటుంది, ఇంటికి కారు నడపడానికి వేరొకరు ఉండాలి.

లేజర్ వాడుక ఇంతటితో ఆగదు. నేత్రపటలంలో చిరుగు పడితే దాని చుట్టూ వాతల వరుస వేసి, గుడ్డ అంచుకు కుట్టు వేసినట్లు, అది ఊడకుండా బంధిస్తారు. కంటిముందు హఠాత్తుగా మెరుపులు, నల్లని ఈగల గుంపు, తెర దిగుతున్నట్లు నీడ కనబడితే అది ఆ రోజే వైద్యుని చూడవలసిన అవసరం. నెలలు నిండకుండా పుట్టిన శిశువులలో వచ్చే నేత్రపటల వ్యాధికి కూడా లేజర్ చూపునిలిపే చికిత్స. అక్కడ వ్యవధి రోజులలోనే లెక్క.

ఇప్పుడు అసలు చిక్కు. 2000వ దశకం నడుమ నుంచి, ఆ వి.ఇ.జి.ఎఫ్.ను కంటిలోనే అడ్డుకునే ఇంజెక్షన్ మందులు వచ్చాయి. పచ్చచుక్క నడుమ వాపు చేరి చూపు తగ్గినప్పుడు నేడు సామాన్యంగా మొదటి ఎన్నిక ఇవే. అక్కడ ఇవి లేజర్‌ను మించి చూపును మెరుగుపరిచాయి కూడా. కొత్త నాళాల వ్యాధిలో సైతం, 2015లో వెలువడిన అమెరికా అధ్యయనం రెండేళ్ళ గడువులో ఇంజెక్షన్లు లేజర్‌కు తీసిపోవనీ, పక్కచూపు వీటితో మెరుగ్గా నిలుస్తుందనీ తేల్చింది. అటువంటప్పుడు పాతకాలపు వాతలు ఎందుకని కుమారులూ కుమార్తెలూ వైద్యుని అడగడం సహజమే.

తీసిపోవన్న మాట వెనుక ఒక షరతు ఉన్నది. మందు ప్రభావం వారాలలో తరుగుతుంది. తొలి మాసాలలో నెలనెలా, ఆ తరువాత వైద్యుడు చెప్పినట్లు, రోగి తప్పక రావాలి. 2019లో ఫిలడెల్ఫియా నేత్రవైద్యులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. చికిత్స నడుమ ఆరు మాసాలకు పైగా రాకుండా పోయి, తిరిగి వచ్చిన రోగులను వారు పరిశీలించారు. ఇంజెక్షన్లు మాత్రమే పొందిన కళ్ళలో నేత్రపటలం లాగబడి ఊడిన సందర్భాలు, లేజర్ పొందిన కళ్ళలో కంటె చాలా ఎక్కువగా ఉన్నాయి. మందు ఆగినది, సంకేతం తిరిగి రేగినది. లేజర్ మాత్రం, రోగి వచ్చినా రాకున్నా, తన పని చేస్తూనే ఉన్నది.

ఆరు నెలలు పిస్కాటవేలో కొడుకు ఇంట, మిగిలిన ఆరు నెలలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో గడిపే తల్లిదండ్రులకు సరిగ్గా ఈ విరామమే రాసిపెట్టి ఉన్నది. సందర్శకుల బీమా పత్రాలలో ఎక్కువభాగం ముందునుంచి ఉన్న వ్యాధులను మినహాయిస్తాయి. నవంబరులో రెండు ఇంజెక్షన్లు ఇప్పించి, సంక్రాంతికి విమానం ఎక్కించి, తిరిగి వేసవిలో చూద్దామనుకుంటే ఆ నడుమ కన్ను ఆగదు. ఇటువంటివారి విషయంలో ‘పాత’ లేజరే మేలైన ఎన్నిక కావచ్చు, లేక ఇంజెక్షన్‌తో పాటు లేజర్ కూడా అవసరం కావచ్చు. అది నిర్ణయించవలసింది వైద్యుడే. అయితే రోగి ఏ నెలలో ఏ దేశంలో ఉంటాడన్నది వైద్యునికి తనంతట తెలియదు, కుటుంబం ముందుగా చెప్పాలి.

ప్రయాణానికి ముందే స్వదేశంలో ఈ పరీక్ష ముగించుకోవడం మరీ మంచిది. రోచెస్టర్ విశ్వవిద్యాలయం విడిచి స్వదేశానికి వెళ్ళిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థకు విశాఖపట్నం, విజయవాడలలోనూ కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ నేత్ర వైద్యశాల ఉండనే ఉన్నది.

లేజర్ మచ్చలు జీవితాంతం నిలుస్తాయి. న్యూజెర్సీలో పెట్టిన వాతలను గుంటూరు వైద్యుడు, ఏ కాగితమూ లేకున్నా, కంటిలోనికి చూసిన మరుక్షణం గుర్తుపట్టగలడు. ఇంజెక్షన్ మాత్రం ఏ ఆనవాలూ మిగల్చదు. కనుక ఏ మందు, ఏ కంటికి, ఏ తేదీన ఇచ్చారో వ్రాయించి, నేత్రపటలపు చిత్రాలతో సహా ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో పెట్టుకోవాలి.